ఈరజ్జ వేలిముద్రలు

ధారవాడ మ్యూజిక్ కాలేజీలో ఆఖరి ఏడాది పిల్లలకు ఒక నోటుపుస్తకం ఇస్తారు. ఆసుపత్రికో, అనాథాశ్రమానికో, వృద్ధాశ్రమానికో ముప్ఫై గురువారాలు వెళ్లి పాడాలి. వెళ్లిన ప్రతిసారీ విన్నవాళ్లలో ఒకరు సంతకమో వేలిముద్రో వెయ్యాలి. ముప్ఫై నిండకపోతే పట్టా లేదు, బడి ఉద్యోగానికి సిఫారసూ లేదు. ఈ పద్ధతి పెట్టిన మహానుభావుడెవరో గానీ, పాడటం ఎంత శ్రద్ధగా నేర్చుకున్నారో, దీన్ని ఎగ్గొట్టడమూ అంతే శ్రద్ధగా నేర్చుకున్నారు పిల్లలు.

సుమంగలకు వృద్ధాశ్రమం పడింది. వడ్రంగి బడిగేర వాళ్ల పిల్ల. గదగ్ బళ్లో సంగీతం టీచరు ఉద్యోగం మీదే ఆమె ప్రాణాలన్నీ ఉన్నాయి.

ఆశ్రమంలో ఆమె పాట కోసం నిజంగా ఎదురుచూసేవాడు ఒక్కడే, ఈరప్ప తాత. అందరికీ ఈరజ్జ. నలభై ఏళ్లు పెద్ద పెద్ద గాయకుల వెనక కూర్చుని తంబూరా మీటాడు. ఒక్కనాడూ నోరు విప్పి పాడలేదు. సుమంగల తన తంబూరా అక్కడే వదిలి వెళ్లేది. గురువారం నాలుగింటికి ఆమె గుమ్మంలో అడుగుపెట్టేసరికి అది గలీబు విప్పి, మంచానికి ఆనించి, ఆమె గొంతుకు సరిపడే నల్ల నాలుగు శ్రుతిలో, అంటే హార్మోనియం నల్లమెట్లలో నాలుగోదానికి కలిపి, సిద్ధంగా ఉండేది. తీగలు ఝుమ్మని పలకడానికి తన పంచె అంచు నుంచి పోగులు లాగి వాటి కింద దూర్చేవాడు.

"నేను చేసుకుంటాగా అజ్జా. నీ పంచె మొత్తం నా తంబూరాకే అయిపోయేట్టుంది," అనేది.

"అయిపోతే పోనీ. పాడేవాళ్లొచ్చేసరికి శ్రుతి కాచుకుని ఉండాలి తల్లీ. నువ్వు రా, చాలు."

ఆఖరి మూడు గురువారాలు ఆమె రాలేదు. హుబ్బళ్లిలో ఇంటర్వ్యూ కోచింగు సరిగ్గా అదే వేళకు పెట్టారు. ముసలాయన ఎక్కడికి పోతాడు, తర్వాత బతిమాలుకుందాం అనుకుంది. తిరుగు బస్సులో స్టాంపు ప్యాడు తీసి, ఈరజ్జ పేరు రాసి, పక్కన తన ఎడమ బొటనవేలు ఒత్తింది. మూడు వారాలూ అదే పని.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. కోచింగు గదిలో నాలుగయ్యేసరికి చెవుల్లో తంబూరా మోగేది. నల్ల నాలుగే. ఫ్యాను చప్పుడులే అని సరిపెట్టుకుంది. మూడో వారం కరెంటు పోయి ఫ్యాను ఆగింది. మోత ఆగలేదు.

వైవా నాడు ప్రిన్సిపాల్ దేసాయి గారి పక్కన ఆశ్రమం వార్డెను గురుబాయి కూర్చుని ఉంది. దేసాయి గారు పుస్తకం తిరగేసి కళ్లజోడు సర్దుకున్నారు.

"ఈరప్ప పోయింది నాలుగో తారీఖు, బుధవారం అని ఈ వార్డెను గారి చీటీలో ఉంది. మరి అయిదున, పన్నెండున, పంతొమ్మిదిన ఆయన వేలిముద్రలేమిటమ్మా? చచ్చినవాడు లేచొచ్చి విన్నాడా?"

ఈరజ్జ పోయాడన్న మాట సుమంగల వినడం అదే మొదలు. ఆశ్రమంలో చావు కబురు ఎవరు మోసుకొస్తారు!

"పిల్లను కసరకండి సార్," గురుబాయి అడ్డొచ్చింది. "వేలిముద్ర పక్క మంచం వాళ్లెవరో వేసుంటారు. పిల్ల మాత్రం వచ్చింది. నేను ఆఫీసులో ఉండి చూళ్లేదు గానీ, మూడు గురువారాలూ నాలుగు దాటాక వార్డులోకి వెళ్తే, తంబూరా గలీబు విప్పి ఆ ఖాళీ మంచానికి ఆనించి ఉంది. తీగ మీద వేలు వేసి చూశా. అజ్జ ఉన్నప్పుడు ఎలా పలికేదో అలాగే పలికింది. కింద కొత్త పోగులు కూడా ఉన్నాయి. మా ముసలాళ్లలో బిరడా తిప్పి తీగ బిగించడం ఇంకెవరికొచ్చు?"

"అయితే సరే. పేరు రాయడంలో పొరపాటన్నమాట," దేసాయి గారు కలం తీశారు. "గదగ్ జాబితా ఇవాళే పోవాలి. సంతకం పెట్టేస్తున్నా."

గండం గడిచిందని సుమంగల ఊపిరి పీల్చుకుంది. మరుక్షణం అర్థమైంది. పోయాక కూడా శ్రుతి చేసి తన కోసం కూర్చున్నాడు. మూడు వారాలు కూర్చున్నాడు.

"నేను వెళ్లలేదు సార్. ఆ వేలు నాది."

"ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా? ఏడాది పోతుంది, ఉద్యోగమూ పోతుంది."

సుమంగల ఎడమ బొటనవేలు చాపింది. "కలిపి చూసుకోండి."

గురుబాయి కుర్చీలోంచి లేచింది. "మరి శ్రుతి చేసిందెవరే?" అంది. దేసాయి గారు మూడు పేజీలూ కొట్టేసి పుస్తకం వెనక్కి తోశారు.

ఆ గురువారం నాలుగింటికి సుమంగల ఆశ్రమానికి వెళ్లింది. భయంగానే ఉంది. ఆ భయం కన్నా ఆశ ఎక్కువగా ఉంది. ఖాళీ మంచం పక్కన తంబూరా గలీబులోనే ఉంది. విప్పి మీటింది. తీగలు నాలుగూ వదులై గరగరలాడాయి. కింద పోగుల్లేవు.

ఇక రాడు. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే ఓణీ అంచు నుంచి ఒక పోగు లాగి తీగ కింద దూర్చింది.

"పాడ్డానికి ఇంకెంతసేపే?" పక్క మంచం ముసలమ్మ విసుక్కుంది.

"ఉండవ్వా, ఇంకా శ్రుతి కలవలేదు," అంది సుమంగల బిరడా తిప్పుతూ.