పంపని మార్కులు

కాలేజీ అప్లికేషన్‌కు గడువు ఉదయం ఏడు గంటల యాభై తొమ్మిది నిమిషాలు. కాలేజీ ఉన్నది పక్క దేశంలోని దోహాలోనే అయినా, అది అమెరికా యూనివర్సిటీ శాఖ కాబట్టి అమెరికాలోని అర్ధరాత్రి లెక్కన గడువు పెట్టారు. గల్ఫ్‌లో, ముహర్రక్ ఊళ్లోని రెండు గదుల ఫ్లాట్‌లో లక్ష్మిప్రసన్న ఆరింటికే లాప్‌టాప్ ముందు కూర్చుంది. అప్లికేషన్‌లో ఒక్కో గడీ మళ్లీ మళ్లీ సరిచూసుకుంది. ఏడు దాటింది. ఇక బటన్ నొక్కడమే మిగిలింది.

అంతలో నాన్న స్నానం చేసి వచ్చి పక్కన కుర్చీ లాక్కున్నాడు. భీమేశ్వరరావు ట్రైలర్ డ్రైవరు. రాజోలు దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఇంగ్లీషు చదవడం రాదు గానీ, కూతురు ఏ కాగితం పంపినా ముందు తను చూడాల్సిందే.

"ఆ శాట్ పరీక్ష మార్కులు ఎక్కడ వేశావమ్మా?"

"వెయ్యలేదు నాన్నా."

"అదేంటి? ఆర్నెల్లు కళ్లు పోయేలా చదివేవు కదా!"

"పదహారు వందలకి పన్నెండు వందల డెబ్బై వచ్చాయి. అక్కడ సీటొచ్చేవాళ్లకి చాలామందికి పద్నాలుగు వందల యాభై దాటుతాయి. పంపితే నాకే దెబ్బ."

"వచ్చిన మార్కులు దాచుకోడం తప్పు కాదూ?"

"దాచడం కాదు నాన్నా. ఇష్టమైతేనే పంపండని వాళ్లే రాశారు. పంపనంత మాత్రాన తక్కువగా చూడరట. స్కూల్లో మేడం కూడా పంపొద్దనే చెప్పింది."

"మరి దేన్ని చూసి ఇస్తారు సీటు?"

"స్కూలు మార్కులు, టీచర్ల ఉత్తరాలు... నేను రాసిన వ్యాసం."

"అయితే ఆ వ్యాసమేదో చదువు. తెలుగులో చెప్పు."

ఈ మాట వస్తుందనే ప్రసన్న మూడు వారాలుగా భయపడుతోంది. వంటింట్లో అద్లియా వైపు డ్యూటీకి బయల్దేరబోతున్న అమ్మ సాయికుమారి వైపు చూసింది. "చెప్పేయవే," అంది అమ్మ. ఆమెకు ముందే తెలుసు.

చెప్పింది. తనకు పదమూడేళ్లప్పుడు నాన్న ట్రైలర్ బ్రేకు పడక గోడను గుద్దింది. కంపెనీ ఆఫీసులో ఒక ఇంగ్లీషు కాగితం ముందు పెడితే నాన్న సంతకం చేశాడు. ఇంటికి తెచ్చిన నకలు ప్రసన్న చదివింది. తప్పంతా తనదేనని నాన్న ఒప్పుకున్నట్టు రాసి ఉంది. బండి తీసేసుకుని గోడౌన్‌లో మూటలు మోయడానికి వేశారు. ప్రసన్న ఒక్కతే ఇంగ్లీషులో అర్జీల మీద అర్జీలు రాసింది. ఎనిమిది నెలలకు బండిని మళ్లీ పరీక్ష చేయిస్తే బ్రేకుదే లోపమని తేలి, నాన్నకు స్టీరింగ్ తిరిగిచ్చారు. "మా నాన్నకు ఇంగ్లీషు చదవడం రాదు, అందుకే సంతకం పెట్టాడు" అని వ్యాసంలో ఉంది.

భీమేశ్వరరావు లేచి బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

ఏడూ ఇరవై ఎనిమిది. ప్రసన్న తలుపు అద్దంలోంచి ఆయన వీపు చూస్తూ కూర్చుంది. స్కూలు సైన్స్ క్లబ్బు మీద ఇంకో వ్యాసం రాసిపెట్టుకుంది. అందులో ఎవరి పరువూ పోదు. దానిలో ప్రాణమూ లేదు. ఆ ఫైలు తెరిచింది. ఏడూ నలభై. మార్కులు లేవు, ఇప్పుడు నాన్న మీద రాసిన వ్యాసమూ లేకపోతే ఇక తన దగ్గర ఏముంది? అయినా పాతది చెరిపేయడానికి సిద్ధపడింది.

తలుపు తెరుచుకుంది.

"తప్పు రాశావమ్మా," అన్నాడు నాన్న.

"తీసేస్తున్నా నాన్నా."

"తీసెయ్యమన్లేదు. తప్పు రాశావన్నాను. చదవడం రాక పెట్టలేదు సంతకం. రాదని చెప్పడానికి సిగ్గేసి పెట్టేను. అక్కడ ఫిలిప్పీన్ అమ్మాయి కూచునుంది, అడిగితే చదివి చెప్పేది. అడగలేదు. చదివినట్టు తలాడించేను." ఆయన మళ్లీ కుర్చీ లాక్కున్నాడు. "రాస్తే అది రాయి."

ప్రసన్న ఒక వాక్యం కొట్టేసి మూడు రాసింది. పదాల సంఖ్య పరిమితి దాటింది. ఎక్కడో తన గొప్ప చెప్పుకున్న రెండు లైన్లు తీసేసింది. ఏడూ యాభై నాలుగు. పంపు అని నొక్కితే పేజీలో చక్రం తిరుగుతూ ఉండిపోయింది.

"రౌటర్ చూడండి!" అని అమ్మ అరిచింది.

"దాని జోలికెళ్లకండి!" అని ప్రసన్న అంతకన్నా గట్టిగా అరిచింది.

ఏడూ యాభై ఏడుకి 'అందింది' అని వచ్చింది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సాయికుమారి బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

మార్చిలో వచ్చిన జవాబు అవునూ కాదు, కాదూ కాదు. వెయిటింగ్ లిస్టులో పెట్టారు. మార్కులు పంపి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మే నెల రెండో వారంలో సీటిస్తున్నామని, చదువు ఖర్చంతా తామే చూసుకుంటామని ఉత్తరం వచ్చింది. ప్రసన్న దాన్ని పైకి చదివి తెలుగులో చెప్పింది. భీమేశ్వరరావు ఇంకోసారి చదవమన్నాడు. సాయికుమారి కళ్లు తుడుచుకుని, "హాస్టల్లో అన్నం పెడతారో లేదో కనుక్కోవే," అంది.