తడి దుప్పట్లు

ఆర్మూరు దగ్గరి పల్లెలో గంగామణి పలక పట్టిన చేత్తోనే బీడీల చాట కూడా పట్టింది. బడి నుంచి రాగానే తల్లి సాయవ్వ పక్కన కూర్చుని బీడీలకు దారం చుట్టేది. సాయంత్రం తునికాకు మీద నీళ్లు చల్లి, తడిగోనెలో చుట్టిపెట్టడం ఆమె వంతు. పొద్దుటికి ఆకు మెత్తబడి, కత్తెరకు చెప్పినట్టు వినేది. ఏడో తరగతితో బడి ఆగింది, చాట ఆగలేదు.

పెద్దయ్యాక పని కోసం దోహా వచ్చింది. ఊళ్లో వాళ్లకు అది దుబాయే. ఫుట్‌బాల్ ప్రపంచకప్పు కోసం కొత్త హోటళ్లు తెరుస్తున్న రోజులు. వాటి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆమెకు మాపు కర్రతో నేల తుడిచే పని దొరికింది. కానీ కన్నంతా ఇస్త్రీ మిషన్ మీదే. అడగ్గా అడగ్గా, సూపర్‌వైజర్ బిల్కిస్ మేనేజరుతో మాట్లాడి మిషన్ మీద ఒక్క వారం అవకాశం ఇప్పించింది. పని కుదరకపోతే మళ్లీ మాపే.

ఆ వారం గురువారం డ్యూటీ చివర మిగిలిన దుప్పట్లు బిరుసుగా ఉన్నాయి. ముడతలు పోవడం లేదు. గంగామణి చేతులు ఆమెను అడక్కుండానే పని చేసేశాయి. నీళ్లు చల్లి, తడి తువ్వాళ్లలో గట్టిగా చుట్టి మూలన పెట్టింది. పోచమ్మకు దండం పెట్టుకుని లేబర్ క్యాంప్ బస్సెక్కింది. శుక్రవారం సెలవు.

శనివారం మూట విప్పగానే ముక్కిన వాసన గుప్పుమంది.

"యా అల్లా! ఇవి దుప్పట్లే పిల్లా, నీ బీడీ ఆకులనుకున్నవా?" అంది హైదరాబాదీ బిల్కిస్.

"ఆకులైతే మంచిగ మెత్తబడుతుండె అక్కా."

పక్క మిషన్ దగ్గర రాణి పకపకా నవ్వింది. "మాపు నీకోసం ఏడుస్తుందే, పో!"

మేనేజర్ వస్తున్న చప్పుడైంది. బిల్కిస్ గొంతు తగ్గించింది. "డ్రయ్యర్ ఖరాబైందని చెప్త. నువ్వు నోరు తెరవకు."

గంగామణికి పోచమ్మ మీద కొంచెం అలక వచ్చింది. చేతులకు పనితనం ఇచ్చిన తల్లి, అది ఎక్కడ తగదో కూడా చెప్పి ఉండొచ్చు కదా? అయినా అబద్ధంతో దక్కిన మిషన్ ముందు నిలబడి ఆ తల్లికే దండం ఎలా పెట్టడం?

"తప్పు నాది సార్," అంది వచ్చీరాని హిందీలో. "మధ్యాహ్నం లారీ వచ్చేలోపు మళ్లీ ఉతికి, ఇస్త్రీ చేసి ఇస్తాను."

మేనేజర్ గడియారం చూసుకుని, "యల్లా, త్వరగా కానివ్వు" అన్నాడు.

ఆమె తినలేదు, కూర్చోలేదు. దుప్పటి ఎంత ఆరాలో బిల్కిస్ చెయ్యి పట్టి చూపించింది. "పొడిగ గాదు, తడిగ గాదు. చేతికి సల్లగ తగలాలె, గంతే."

లారీ వచ్చేసరికి చివరి దుప్పటి మడత పడింది. మేనేజర్ ఒకటి విప్పి, వాసన చూసి, ఎక్కించమన్నాడు.

"బాగున్నాయి. కానీ నెలరోజులు మాపే. తర్వాత చూద్దాం."

ఆయన వెళ్లాక బిల్కిస్ మొహం మాడ్చుకుంది. "నా మాట ఇంటే అయిపోతుండె గదనే!"

"తర్వాత చూద్దామన్నడు అక్కా. ఈడోళ్ల లెక్క మాఫీ, లేదు అనలేదు గద."

తుడవాల్సిన వరండా అటుంది. గంగామణి మాపు తడిపి, గట్టిగా పిండి, ఇటు తిరిగి మిషన్ల గదిలో మొదలుపెట్టింది. రోలర్ కిందికి రాణి దుప్పటి అంచు ఎలా అందిస్తున్నదో చూస్తూ, మెల్లగా.