అరువు ఊపిరి

"ఊదు, ఊదు, ఇంకా ఊదు!" అంటోంది నర్సమ్మ. దూది బేళ్లు మోసే మామ ఊదలేకపోయాడు. గొట్టం నోట్లో ఉండగానే దగ్గు తన్నుకొచ్చింది.

ఊపిరితిత్తుల పరీక్ష చేసే సర్కారు బండి మా నూలు మిల్లుకు రావడం అదే మొదలు. రోగం ముదరకముందే పట్టుకుంటే మనిషి నిలబడతాడని నర్సమ్మ చెప్పింది. నమ్మాం. కానీ బండి మెట్ల దగ్గర కాంట్రాక్టరు కాచుకుని ఉన్నాడు. మామ ఊపిరి చాలలేదని విన్నాడు. ఆసుపత్రికి కాదు, గేటు బయటికి పంపాడు.

"గాలి లేని టైరు నాకెందుకురా?" అన్నాడు అందరూ వినేలా.

బండి రెండోసారి వచ్చేసరికి మా దగ్గర ఉపాయం ఉంది. దాని పేరు సైరన్. తెగిన దారాలు అతికే పిల్ల. ఆమె కేకేస్తే మిల్లు కూత కూడా సిగ్గుపడాల్సిందే. ఆమె వదినకు కొన్నాళ్లుగా ఆయాసం. సెలవు మర్నాడు పనిలోకి దిగిందంటే చాలు, ఛాతీ పట్టేస్తుంది. ఇల్లు నడిచేది ఆ వదిన కూలి మీదే.

"నీ బదులు నేనూదుతా వదినా."

"పట్టుబడితే?"

"తలగుడ్డ చుట్టుకుని, ఈ దూది నూగుతో అద్దం ముందు నిలబడితే నాకే నేనెవరో తెలీదు. నర్సమ్మకేం తెలుస్తుంది?"

వదిన కోసం ఊదింది. ఊడ్చే అవ్వ కోసం, మగ చొక్కా తొడుక్కుని బేళ్లు విప్పే బావ కోసం కూడా ఊదింది. అందరూ గట్టెక్కారు. సాయంత్రం టీ బంకు దగ్గర నవ్వలేక చచ్చాం.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. కాంట్రాక్టరు మనుషులు నిచ్చెనలు వేసుకుని దుమ్ము లాగే ఫ్యాన్లు ఊడదీశారు.

"అందరి ఊపిరీ నిక్షేపంగా ఉందని సర్కారు బండే తేల్చింది. ఇవెందుకు, కరెంటు దండగ!"

హాలంతా నూగు కమ్మింది. వదిన యంత్రం పక్కనే కూలబడింది.

మామ ఇంట్లో మీటింగు పెట్టాం. కూర్చోకముందే గొడవ మొదలైంది.

"అంతా ఈ సైరన్ వల్లే!" అన్నాడు బావ.

"ఊదవే తల్లీ అని నా కాళ్లావేళ్లా పడ్డదెవరు బావా?"

మామ చెయ్యెత్తాడు. "నన్ను గెంటిన రోజు మీరంతా తలలు దించుకుని లోపలికెళ్లారు. తప్పు ఊదడంలో లేదర్రా. అక్కడుంది."

దగ్గుకుంటూనే అందరం మామ చుట్టూ చేరాం.

ఈసారి బండిని గేటు బయటే ఆపాలి. ఎవరి ఊపిరి వాళ్లే ఊదాలి. ఒక్కరిని గెంటినా ఏ యంత్రమూ తిరగకూడదు. అందరం ఒప్పుకున్నాం.

"ముందు ఆ దొంగ ఫలితాలు చెరపాలిగా," అంది సైరన్. "ఊదింది నేనేనని చెప్పేస్తా."

"జైల్లో వేస్తారే!"

"వేయనీ వదినా. అక్కడ నూగుండదు."

బండి వచ్చిన రోజు రోడ్డుకు అడ్డంగా కూర్చున్నాం. సైరన్ బండి మెట్లెక్కి, ఎవరెవరి కోసం ఊదిందో వీధి చివరిదాకా వినిపించేలా చెప్పింది. కాంట్రాక్టరు ఫోన్ తీశాడు. వదిన వెళ్లి గొట్టం అందుకుంది. ఊదింది. చాలలేదు.

నర్సమ్మ కాంట్రాక్టరు వైపు తిరిగింది. "ఇప్పుడే దుమ్ములోంచి తప్పించి మందులిస్తే ఇంతకంటే దిగజారకుండా చూడొచ్చు."

"అయితే ఇంటికి పొమ్మను!"

సైరన్ ఆ మాటే లోపలున్న షిఫ్టుకు వినపడేలా కేకేసింది. ఒక్కో యంత్రమే ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం మేమెన్నడూ ఎరగం. కాంట్రాక్టరు ముఖం మాడిపోయింది.

పోలీసు జీపు వచ్చింది. మోసం కేసట. సైరన్ రెక్క పట్టి ఎక్కించారు. ఆమె నోరు తెరిచేలోపే జీపు కదిలింది. కేక వేయడానికి మాకు సైరన్ లేదు.

వదిన లేచి నిలబడింది.

"ఫ్యాన్లు బిగించాలి! మామను పనిలోకి..."

ఊపిరి అక్కడితో అయిపోయింది. ఛాతీ పట్టుకుంది.

"తీసుకోవాలి!" అన్నాం మేమంతా.

"సైరన్‌ని..."

"వదలాలి!"

జీపు మలుపు తిరిగింది. వదిన మళ్లీ ఊపిరి తీసుకుంది.