గుమ్మానికి అడ్డుకర్ర

ముత్యాలమ్మ ఇంటికి తాళం లేదు. బయటికి వెళ్ళేటప్పుడు వసారా గుమ్మానికి అడ్డంగా ఒక వెదురు కర్ర పెట్టి సంతకి వెళ్ళిపోతుంది. ఇనప గేట్లు, గేటుకో గొలుసు, గొలుసుకో తాళం ఉన్న ఆ అరకు సందులో కర్రని చూసి నవ్వనివాళ్ళు లేరు.

అనంతగిరి పైన ఆమె పుట్టిన ఊళ్ళో అందరూ పనికి కొండెక్కినప్పుడు గుమ్మాలకి ఉండేది అదే. కర్ర ఉందంటే మనుషులు లేరనో, ఉన్నా ఇప్పుడు రావద్దనో అర్థం. దాన్ని దాటినవాడు ఏమీ ముట్టకపోయినా తప్పు కట్టాల్సిందే. పెద్దల ముందు ఆ ఇంటివాళ్ళకి ఒక కోడి ఇచ్చుకోవాలి. తాళం మాత్రం ఎవరూ వేయరు. తాళం వేస్తే పక్కింటివాణ్ణి దొంగ అన్నట్టే.

కూతురు స్వర్ణ డిగ్రీ చదువు కోసం ఆమె కొండ దిగి లక్ష్మణరావు పెరట్లో గది అద్దెకి తీసుకుంది. లక్ష్మణరావు విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. సందుకి పెద్దమనిషి కూడా ఆయనే. ఆయన భార్య రమణమ్మ మొదట కర్రని చూసి నవ్వింది గానీ, సంగతి విన్నాక ముచ్చటపడింది.

"భలే ఉపాయమే ఇది. మధ్యాన్నం కునుకు తీద్దామంటే ఎవరో ఒకరు తలుపు కొడతన్నారు" అని తనూ పెరటి గుమ్మానికి తుడుపుకర్ర అడ్డం పెట్టసాగింది. తక్కినవాళ్ళెవరూ లెక్కచేయలేదు. ముత్యాలమ్మ మాత్రం ఆ కర్ర కనిపిస్తే వెనక్కి తిరిగిపోయేది.

టూరిస్టుల సీజన్ వచ్చేసరికి సందులో దొంగతనాలు మొదలయ్యాయి. ఒకరి గ్యాస్ బండ పోయింది, ఇంకొకరి బైకు పోయింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, అన్నీ పోయాక లక్ష్మణరావు సందు మొదట్లో ఒక కెమెరా, తన పెరట్లో ఒక కెమెరా పెట్టించాడు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. తాళాలున్న ఇళ్ళు నష్టపోయాయి, కర్ర ఉన్న ఇంట్లో చెంబు కూడా పోలేదు.

"ఏటి ముత్యాలమ్మా, దొంగోడికి నీ ఇల్లొక్కటే కనబడదా?" అన్నాడు లక్ష్మణరావు.

"మా ఇంట్లో ఏటుంది బాబూ, పట్టుకెళ్ళడానికి."

నిజమే చెప్పింది. కానీ అనుమానం పట్టినవాడికి నిజం కూడా సాకులాగే వినిపిస్తుంది. సందులో అందరూ అడుగుతున్నారనే వంక పెట్టి, నెలాఖరుకి గది ఖాళీ చేయమన్నాడు. స్వర్ణకి పరీక్షలు దగ్గరపడ్డాయి. దొంగముద్ర పడ్డ మనిషికి అరకులో ఇంకెవరు గది ఇస్తారు? చదువు ఆగితే ఆ గుంట మళ్ళీ కాఫీ తోటల్లో కూలికి పోవాల్సిందే. ముత్యాలమ్మకి అన్నం సయించలేదు.

ఆ మధ్యాహ్నం ఉడకబెట్టిన పెండలం దుంపలు పట్టుకుని రమణమ్మ దగ్గరికి వెళ్ళింది. పెరటి తలుపు తెరిచే ఉంది, గుమ్మానికి కర్ర అడ్డంగా ఉంది. సరే, పడుకుందనుకుని తిరిగింది. అప్పుడే పప్పు మాడుతున్న వాసన తగిలింది.

"అమ్మా, పప్పు మాడిపోతంది" అని పిలిచింది. పలుకు లేదు. గట్టిగా పిలిచింది. లోపల కొళాయి కారుతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

బుద్ధెరిగాక ఆమె ఒకరి కర్ర దాటలేదు. పైగా నెత్తిన కెమెరా. దాటితే ఈ సందుకి దొంగ, తన ఊరికి తప్పు చేసిన మనిషి. లక్ష్మణరావుని పిలుద్దామంటే కొట్టు బజారు చివర ఉంది. స్వర్ణ ముఖం కళ్ళలో మెదిలి కాలు వెనక్కి లాగింది. ఇంతలో గుమ్మంలోంచి పొగ వచ్చింది.

"తప్పు కట్టుకుంటాను" అని పైకే అని, దాటింది.

రమణమ్మ బాత్రూంలో పడి ఉంది. కాలు కదపలేకపోతోంది, మాట పెగలడం లేదు. ముత్యాలమ్మ స్టవ్ ఆర్పి, ఆమె తల కింద చీర మడిచి పెట్టింది. ఒక్కతే లేపలేక మంచం మీదున్న ఫోన్ తీసుకుంది. దాన్ని తెరవడం చేతకాక, దారిన పోయేవాళ్ళని పిలుద్దామని బయటికి పరిగెత్తింది.

ఎదురుగా లక్ష్మణరావు, వెనక సందువాళ్ళు నలుగురు. ఆమె కర్ర దాటడం కొట్లో కూర్చుని ఫోన్‌లో చూశాడాయన. చేతిలో భార్య ఫోన్ చూసేసరికి ఇంకేం కావాలి, రెక్క పట్టుకున్నాడు.

"సెప్పేనా నాను? ఇదిగో, దొరికింది దొంగ."

"బాబూ, అమ్మ పడిపోయింది. బేగి లోపలికెల్లు."

రెక్క వదల్లేదు. లోపల్నుంచి రమణమ్మ మూలుగు వినిపించాకే వదిలాడు.

తర్వాత అంబులెన్సు, ఆసుపత్రి, తుంటికి ఆపరేషన్. ఆ హడావిడిలో అందరూ అన్నీ మాట్లాడారు గానీ, సందులో అన్న 'దొంగ' అనే మాటని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. కమిలిన రెక్క నాలుగు రోజుల్లో మానింది. మాట మానలేదు.

రమణమ్మ ఇంటికొచ్చిన రోజు ముత్యాలమ్మ కాళ్ళు కట్టిన నాటుకోడిని తెచ్చి గుమ్మం బయట నిలబడింది.

"ఇదేటి?" అన్నాడు లక్ష్మణరావు.

"తప్పు బాబూ. అమ్మ కర్ర దాటీసాను కదా."

ఆయనకి అర్థం కాలేదు. మంచం మీదున్న రమణమ్మకి అర్థమై కళ్ళు తుడుచుకుంది. "నన్ను బతికించడానికి దాటేవు. దానిక్కూడా కడతారా మీ ఊళ్ళో?"

"ఎందుకు దాటినా కడతారమ్మా. నేకపోతే రేపు దాటడానికి అందరికీ ఏదో ఒక పని ఉంటది."

రమణమ్మ మొగుడి వైపు తిరిగింది. "కర్ర దాటినందుకు ఆవిడ కోడి తెచ్చింది. దొంగ అన్నందుకు మనమేటి కట్టాలండీ?"

లక్ష్మణరావు చెప్పులేసుకుని కొట్టుకి వెళ్ళిపోయాడు.

సంత రోజు సాయంత్రం ముసురు పట్టింది. ముత్యాలమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చేసరికి తన గది ముందు మనుషులున్నారు. ఆ రోజు వచ్చిన నలుగురే, గొడుగులు వేసుకుని నిలబడ్డారు. వాళ్ళ ముందు లక్ష్మణరావు, గొడుగు లేకుండా నిలువునా తడిసి ఉన్నాడు. పట్టుకోవడం రాక, ఒక కోడిని చంటిబిడ్డలా రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు.

"పెద్దల ముందు ఇవ్వాలంట గదా, ఈల్ని తెచ్చేను" అన్నాడు తల ఎత్తకుండా. "నోరు జారేను. తప్పు తీసుకో. గుంట చదువయ్యేదాకా గది నీదే."

ముత్యాలమ్మ కోడిని అందుకుంది. ఆయన చొక్కా అంచునుంచి కారుతున్న నీళ్ళ వైపు చూసింది.

"ఇంత తడిసిపోయేవేటి బాబూ? వసారాలో నిలబడలేకపోయేవా?"

"కర్ర ఉంది కదా ముత్యాలమ్మా" అన్నాడు లక్ష్మణరావు.