మంచినీళ్ళ తొట్టి

మా మామగారు పనిలో ఉన్నప్పుడు తలెత్తి మాట్లాడరు. అడిగినదానికి జవాబు వస్తుంది, మొహం మాత్రం కనపడదు. ఆ అలవాటే మా కొంప ముంచింది.

ఆయనది నికెల్ పూత పని. ఇంటి వెనక రేకుల షెడ్డులోకి కుళాయిలు, తలుపు పిడులు, సైకిలు హ్యాండిళ్ళు తుప్పు పట్టి వస్తాయి, తళతళలాడుతూ వెళ్ళిపోతాయి. మధ్యలో అవి వరసగా తొట్లలో మునుగుతాయి. ముందు యాసిడ్, తర్వాత పూత తొట్టి, ఆ తర్వాత కడిగే తొట్లు మూడు. మొదటి కడుగు నీళ్ళు ఆకుపచ్చగా ఉంటాయి, రెండోవి కాస్త తేలిక, మూడోవి అద్దంలా తేటగా ఉంటాయి. ఆ మూడో తొట్టిని షెడ్డులో అందరూ మంచినీళ్ళ తొట్టి అంటారు. దాంట్లో చేతులు పెట్టినవాళ్ళకి వేళ్ళ సందుల్లో దురద పుడుతుంది. అయినా పేరు మాత్రం మంచినీళ్ళే.

గోడకి అవతల టైలరమ్మ ఉంటుంది. నేను పిన్నిగారూ అంటాను. బట్టలు బాగా కుడుతుంది, కానీ వీధిలో ఆవిడ పేరు మోగింది కుట్టుకి కాదు, చేతి చలవకి. ఎండుపుల్ల గుచ్చినా ఆవిడ పెరట్లో చిగురు వేస్తుందని అంటారు. మా పెరట్లోనేమో గడ్డి కూడా మొలవదు. రాలిన ఆకు కూడా కుళ్ళకుండా రాలినట్టే పడి ఉంటుంది. దాన్నే మా అత్తగారు గొప్పగా చెప్పుకుంటుంది, మా పెరడు ఎంత శుభ్రమంటే చీమ కూడా కనపడదని.

కిందటేడు ఎండాకాలం వీధి కుళాయిలు ఎండిపోయాయి. టైలరమ్మ మొక్కలు వాడిపోతుంటే మా అత్తగారి మనసు ఆగలేదు. వాసన పడక ఎప్పుడూ షెడ్డు గుమ్మం దాటని మనిషి, గుమ్మంలోంచే చివరి తొట్టి చూపించి అవి ఏ నీళ్ళని అడిగింది. మామగారు తలెత్తకుండా మంచినీళ్ళు అన్నారు. ఎలాగూ సాయంత్రం మా పెరట్లో పారబోసేవే కదా అని ఆవిడ షెడ్డు గోడ బయటికి వచ్చే ఆ తొట్టి తూముకి పైపు తగిలించి, గోడ కంతలోంచి అవతలికి వదిలింది. అప్పట్నుంచి రోజూ సాయంత్రం మా ఇంటి దయ టైలరమ్మ పాదుల్లోకి పారింది. మామగారు ఆ పైపు చూశారు, ఇంటి బోరు కుళాయిది అనుకున్నారు.

ఈ వానాకాలం నా గులాబీ కుండీలోకి మట్టి కోసం నేను గోడ అవతలికి వెళ్ళాను. టైలరమ్మే గునపం తీసుకుని తవ్వింది. తవ్వి, గట్టు మీద కూలబడిపోయింది.

"ఇదివరకు ఒక్క పోటు వేస్తే వానపాములు గుత్తులుగా బయటపడేవి. ఇప్పుడు ఒక్కటంటే ఒక్కటి లేదు చూడు," అంది.

చిక్కుడు మొక్క ఒకటి పీకి చూపించింది. వేళ్ళకి పూసల్లా చిన్న చిన్న ముడులు ఉండాలట, అవి ఉంటేనే మొక్కకి బలమట. వేళ్ళు నున్నగా ఉన్నాయి. చెట్టు కింద కిందటేడు రాలిన ఆకులు మా పెరట్లోలాగే చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆకు కింద తిరిగే చిల్లర పురుగులు, తడి మట్టిలో అల్లుకునే తెల్లటి బూజు, మట్టి వాసన, ఏవీ లేవు. పాలకూర మాత్రం అక్కడక్కడా పసుపు తిరిగి, పట్టుదలగా నిలబడి ఉంది.

"నా చేతి చలవ పోయిందమ్మాయ్. వయసైపోయింది కదా," అని తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. మీ అత్తగారి నీళ్ళే లేకపోతే ఈ మాత్రం కూడా ఉండేది కాదని కూడా అంది.

అప్పుడు చూశాను పైపు వైపు. దాని మూతి చుట్టూ నేల అచ్చం మా పెరడులా శుభ్రంగా ఉంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఆ పైపు ఏ కుళాయిదని అత్తగారిని అడిగాను. కుళాయిది కాదు, మంచినీళ్ళ తొట్టిదని ఆవిడ సంబరంగా చెప్పింది. మామగారి చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. ఆ రోజు కూర టైలరమ్మ పంపిన పాలకూరే.

"మంచినీళ్ళని మీరే కదండీ అన్నారు," అంది అత్తగారు, ఆయన మొహం చూసి భయపడి.

"అది తొట్టి పేరే. నీళ్ళ పేరు కాదు," అన్నారాయన.

ఆ నీళ్ళలో కనపడని నికెల్ ఉంటుందనీ, అది మట్టిలో దిగితే ఇక కదలదనీ, మట్టిలో బతికేవాటిని ఒక్కొక్కటే చంపుతుందనీ, ఆకుల్లోకి కూడా ఎక్కుతుందనీ ఆయన మెల్లగా చెప్పారు. మా పెరట్లో చీమలు ఎందుకు లేవో అప్పుడు అర్థమైంది అత్తగారికి. మామగారు కూరని కంచం అంచుకి తోసేసి, ఇక మీరెవరూ ఆ ఆకుకూర తినకండి అన్నారు. మరి గోడ అవతల తింటున్న మనిషి సంగతేమిటని నేను ఆయన వైపే చూశాను. సమయం చూసి చెబుతానన్నారు.

మర్నాడు పైపు తీసేశారు. టైలరమ్మ గోడ దగ్గరికి వచ్చి, నావల్ల ఏమైనా పొరపాటు జరిగిందా అని అడిగింది. అత్తగారు లోపలికి తప్పుకుంది. షెడ్డుకే నీళ్ళు సరిపోవడం లేదని నేను చెప్పాను. అబద్ధం అంత సులువుగా వస్తుందని నాకే తెలియదు.

మామగారు చెప్పడానికి వెళ్ళకపోలేదు. వెళ్ళి, చొక్కాకి కొలతలు ఇచ్చి వచ్చారు. రెండోసారి వెళ్ళి, చొక్కాకి గుడ్డ ఇచ్చి వచ్చారు. ఇంట్లో నవ్వే ధైర్యం ఎవరికీ లేదు.

ఆకుకూర మాత్రం ఆగలేదు. కోసిన ప్రతిసారీ మొదటి గిన్నె గోడ మీదుగా మాకే వచ్చేది. నేను దాన్ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో అడుగున పెట్టి, గిన్నె తోమి తిరిగి ఇచ్చేదాన్ని. ఎలా ఉందమ్మాయ్ అనేది. బాగుంది పిన్నిగారూ అనేదాన్ని. ఆ మాట అన్నాక ఆవిడ మొహంలోకి చూడలేకపోయేదాన్ని. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని, మళ్ళీ గిన్నె వస్తే మళ్ళీ అదే మాట.

ఆ రోజు ఉదయం కూడా గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్ళబోతుంటే, టైలరమ్మే గోడ మీదుగా పిలిచింది. కూతురు చంటిదాన్ని తీసుకుని వచ్చిందట. మనవరాలికి ఇక మెత్తటి తిండి మొదలుపెట్టమన్నాడట డాక్టరు.

"మొదటి ముద్ద మన పాలకూరతోనే," అంది. నా పాలకూర అనలేదు, మన అంది.

షెడ్డులో చప్పుడు ఆగింది. మామగారు తడి చేతులతోనే బయటికి వచ్చారు. పని మధ్యలో ఆయన తలెత్తగా చూడడం అదే మొదటిసారి. నా వైపు చూసి, పద అన్నారు. గిన్నె చేతిలో ఉన్న సంగతి కూడా మర్చిపోయి వెనకే నడిచాను.

టైలరమ్మ మిషను మీద ఆయన చొక్కానే ఉంది, బొత్తాలు కుడితే అయిపోతుంది. కుర్చీ వేసినా ఆయన కూర్చోలేదు. తొట్టి పేరు దగ్గర్నుంచి మొత్తం నిలబడే చెప్పారు. పాపకి ఆ ఆకు పెట్టొద్దు చెల్లెమ్మా అన్నారు. ఆవిడ మిషను చక్రం మీద చెయ్యి ఆనించి విన్నది. చివరికి ఆ చెయ్యి తీసి చూసుకుంది.

"అయితే నా చెయ్యి కాదన్నమాట," అంది. మొహం విప్పారింది. తిడుతుందని సిద్ధపడి వెళ్ళిన మాకు ఆ సంతోషం చూస్తే తల కొట్టేసినట్టయింది.

మామగారు ఆ మట్టంతా తీయించి కొత్త మట్టి పోయిస్తానన్నారు.

"మట్టి పోయిస్తారు సరే. అందులో ఉండేవాటిని ఎక్కడినుంచి తెస్తారు అన్నయ్యగారూ? మాసిక వేసినంత తేలికా?" అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది.

తర్వాత ఆవిడకి ఏదో గుర్తొచ్చింది. మొహం మెల్లగా మారింది. ఆయన్ని కాదు, నన్ను అడిగింది.

"పైపు తీసేసినప్పుడే మీకు తెలుసా అమ్మాయ్?"

తల ఊపాను. ఆవిడ చూపు నా చేతిలోని గిన్నె మీదికి దిగింది. లేచి వచ్చి దాన్ని అందుకుంది. లోపల వేలితో ఒకసారి తుడిచి చూసింది.

"ప్రతిసారీ ఎంత శుభ్రంగా కడిగి ఇచ్చేదానివో," అంది.