డిగ్రీ లేదా

"యంత్రం నన్ను పొమ్మంది అమ్మాయ్," అన్నాడు స్వెటర్ బాబాయ్.

బుధవారం పొద్దున పదింటికి ఫ్యాను కింద కూర్చున్న నాకే చెమటలు కారుతుంటే, ఆయన మెడదాకా స్వెటర్ వేసుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు. మా ఆఫీసు కింది అంతస్తులో టీకా మందులు దాచే చలిగది ఉంది. పద్నాలుగేళ్ళుగా దాని ఆలనాపాలనా ఆయనదే. రోజుకి పదిసార్లు లోపలికీ బయటికీ తిరిగే మనిషి ఎన్నిసార్లని తొడుక్కుని విప్పుతాడు? అందుకే అది ఒంటిమీదే ఉండిపోయింది, పేరూ అదే స్థిరపడింది.

నానా దేశాల్లో శాఖలున్న ఆరోగ్య సంస్థ మాది. మూడో అంతస్తులో, జెరాక్సు మిషనుకీ మంచినీళ్ళ క్యాన్లకీ మధ్య ఇరుక్కున్న గదిలో నేను కాంట్రాక్టుల పని చూస్తాను. ఖాళీల నోటీసులు తయారుచెయ్యడం, కాంట్రాక్టు కాగితాలు రాయడం, సంతకాల కోసం గడప గడపా తొక్కడం నా ఉద్యోగం. అందరి కాంట్రాక్టులూ రాసే నాదీ ఏడాది కాంట్రాక్టే.

బాబాయ్ ఉద్యోగాన్ని ఈ ఏడు పర్మనెంట్ చేశారు. చేసిన రోజున స్వీట్లు పంచాడు పాపం. కానీ పర్మనెంట్ అయిన పోస్టుకి నోటీసు వెయ్యాలి, ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు, పద్నాలుగేళ్ళు చేసినవాడూ అందరితోపాటు పెట్టుకోవాల్సిందే. శుక్రవారం సాయంత్రం ఐదింటికి గడువు.

"మా అమ్మాయి కంప్యూటర్లో నింపింది. డిగ్రీ ఉందా అని అడిగింది. లేదు అని నొక్కాం. మీ ఆసక్తికి ధన్యవాదాలు అని చెప్పి తలుపేసేసింది. ఇంక ఎందుకులే అనుకున్నా. రిసెప్షన్ అక్కయ్య ఊరుకోలేదు, ముందు పైకెళ్ళి అడుగు అని తరిమింది."

"అలా ఎందుకంటుంది బాబాయ్? మీకోసమే ఒక వాక్యం ఉంటుందిగా. డిగ్రీ, లేదా దానికి సరిపడే అనుభవం అని. మీరే ఏదో తప్పు నొక్కి ఉంటారు," అని కసిరి మరీ నోటీసు తెరిచాను.

'డిగ్రీ తప్పనిసరి' అని ఉంది. ఆ పక్కన ఏమీ లేదు.

పాత నోటీసు తీసి చూశాను. 'లేదా'తో మొదలయ్యే ముక్క రెండో పేజీ మొదట్లో పడింది. నేను మొదటి పేజీ చివరిదాకా కాపీ చేసి, మిగతాది దాని కిందనుంచి అందుకున్నాను. నడుమ ఒక వాక్యం జారిపోయింది. ఆ వాక్యంతోపాటు ఒక మనిషి జారిపోయాడు.

"నేను చూస్తాను, మీరు వెళ్ళండి," అన్నాను. తప్పు నాదని మాత్రం అనలేదు. నోరు రాలేదు. నాకు నామీదే అసహ్యం వేసింది.

మా గదిలో రెండో కుర్చీ కామా గారిది. నేను రాసిన ప్రతి నోటీసూ ఆయన సరిచూడాలి. ఒక్క కామా తప్పినా పట్టేస్తారని ఆ పేరు. ఈ నోటీసూ ఆయన చూసిందే. కామాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, వాక్యమే లేదు.

విషయం చెప్పగానే ఆయన లేచి తలుపు దగ్గరగా వేశారు. "సాంకేతిక లోపం అని రాసేద్దాం. యంత్రం మీద నెడితే యంత్రం ఏడవదు."

"యంత్రం తప్పంటే ప్రధాన కార్యాలయానికి పంపాలి కదండీ. వాళ్ళు చూసి తేల్చేసరికి రెండు వారాలు. గడువు ఎల్లుండే."

"మరి ఆఫీసు పొరపాటని రాస్తే ఇక్కడే సవరించొచ్చు. కానీ ఎవరి పొరపాటో పేరు రాయాలి. నీ రెన్యూవల్ ఫైలు డైరెక్టర్ మేడమ్ బల్ల మీద ఉంది. కొరివితో తల గోక్కుంటావా?"

ఆయన చెడ్డవారు కాదు. నన్ను కాపాడదామనే అన్నారు, కాస్త తననూ కాపాడుకుందామని అన్నారు. నేను సాయంత్రందాకా ఆ నోటీసునే తెరిచి మూస్తూ కూర్చుని ఇంటికొచ్చేశాను.

మా అత్తయ్య ముప్పై ఏళ్ళు ఆసుపత్రి వార్డులో నర్సుగా చేసి రిటైరయింది. ఇప్పటికీ దుప్పటి మడత వంకరగా ఉంటే ఆవిడకి ముద్ద దిగదు. ఆ సాయంత్రం ఇద్దరం బట్టలు మడతపెడుతుంటే, నేను ఒకే తువ్వాలుని మూడోసారి మడిచాను.

"ఆ తువ్వాలేం పాపం చేసిందే?" అంది.

మొత్తం చెప్పాను. ఆవిడ చేతిలో బట్ట పక్కన పెట్టింది.

"ఒకసారి ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చాను. తెలిసిన నిమిషంలో పరుగెత్తుకెళ్ళి డాక్టరుతో చెప్పాను. వార్డంతా వినేలా తిట్టాడు. మనిషి బతికాడు. ఆ డాక్టరు మొహం కూడా మర్చిపోయాను కానీ, ఆ బతికినాయన నవ్వు ఇంకా గుర్తుంది."

"ఉద్యోగం పోతే?"

"పోతే ఇంకోటి వెతుక్కుంటావు. మొహం చాటేసి తిరగడం నీవల్ల కాదు. నిన్ను ఈ ఒక్కపూట చూస్తేనే నాకు చిరాకేసింది."

మా అత్తయ్య ఓదార్పు అలాగే ఉంటుంది.

గురువారం తొమ్మిదింటికల్లా మెమో పట్టుకుని డైరెక్టర్ మేడమ్ గదికి వెళ్ళాను. ఆవిడది వేరే దేశం. మాట తక్కువ, చదవడం ఎక్కువ. అరపేజీ మెమోని రెండుసార్లు చదివింది.

"సరిచూసింది మీ సహోద్యోగి కదా. ఆయన పేరు లేదేం?"

"వదిలేసింది నేను మేడమ్. నావరకు నేను రాశాను."

"మీ రెన్యూవల్ ఫైలు కూడా ఇక్కడే ఉంది. తెలుసా?"

"తెలుసు మేడమ్. అది మీ బల్ల మీద పెట్టిందీ నేనే."

ఆవిడ నవ్వలేదు. సవరణ మీద సంతకం చేసి, గడువు ఇంకో వారం పెంచి, మెమోని నా ఫైల్లో పెట్టమంది. నా తప్పుని నా ఫైల్లో నా చేత్తోనే పెట్టుకున్నాను. పదకొండింటికి కొత్త నోటీసు వచ్చేసింది.

అప్పుడు కిందికి దిగాను. చలిగది బయట బాబాయ్ ఉష్ణోగ్రత రాసుకుంటున్నాడు.

"వాక్యం పెట్టించాను బాబాయ్. ఆ తప్పు యంత్రానిది కాదు, మీదీ కాదు. నాదే. నిన్న చెప్పాల్సింది, చెప్పలేదు."

ఆయన పెన్ను మూత పెట్టాడు.

"మా అమ్మాయి ముందు చిన్నబోయాను," అన్నాడు. "దాని మార్కుల కాగితాల మీద నేను సంతకం పెట్టినప్పుడల్లా నాన్నది పెద్దాఫీసు అని చెప్పుకునేది. అదే దాని చేత్తో లేదు అని నొక్కింది."

క్షమించండి అన్నాను.

"సరేలే. మొన్న 'డిగ్రీ లేదా?' అని అడిగింది. ఇవాళ 'డిగ్రీ, లేదా...' అంటోంది. అంతేనా తేడా?"

"అంతే బాబాయ్."

"అంత చిన్న ముక్కకి ఇంత గొడవా!" అని నవ్వాడు. ఆ నవ్వుకి నేను అర్హురాలిని కాదు, అయినా తీసుకున్నాను.

ఇంటర్వ్యూలో రాసుకోవడానికి నన్ను మూలన కూర్చోబెట్టారు. బాబాయ్ కాక ఐదుగురు, అందరూ డిగ్రీలవాళ్ళే. అందరికీ ఒకటే ప్రశ్న: కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు, ముందు ఏం చేస్తారు? ఐదుగురూ లోపలికెళ్ళి మందులు ఎలా ఉన్నాయో చూస్తామన్నారు.

బాబాయ్ వంతు వచ్చింది. ఆ రోజు ఇస్త్రీ చొక్కా మీద స్వెటర్.

"ముందు తలుపు తియ్యనండి," అన్నాడు. "తీస్తే ఉన్న చలి పోతుంది. బయటి మీటరే చూస్తాను. తలుపు మీద 'తియ్యొద్దు' అని కాగితం అంటిస్తాను. ఎందుకంటే నేను తియ్యకపోయినా, చూద్దామని ఇంకొకరు తీస్తారు."

డైరెక్టర్ మేడమ్ కాగితం మీద ఏదో రాసుకుంది. సోమవారం బాబాయ్ చేతిలో నియామక పత్రం పెట్టాను. ఆ పత్రాన్ని మాత్రం వేలు పెట్టి ఒక్కో వాక్యం నాలుగుసార్లు చదివాను.

నా రెన్యూవల్ ఉత్తరం కూడా అదే వారం వచ్చింది. ఏడాది కాదు, మూడు నెలలు. ఆ తర్వాత నా పోస్టుకీ నోటీసు వేస్తారు, కావాలంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏడుపొచ్చింది. బాత్రూంలోకెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నాను.

మూడో నెలలో కామా గారు నా పోస్టు నోటీసు తయారుచేశారు. ఎవరి నోటీసు వాళ్ళు రాసుకోకూడదని రూలు. బయటికి పంపేముందు నాకు చూపించారు. చదివాను. 'డిగ్రీ తప్పనిసరి.' ఆ తర్వాత ఏమీ లేదు.

"కామా గారూ, ఒక వాక్యం పోయింది."

ఆయన గొంతు తగ్గించారు. "పోలేదమ్మా. ఈసారి నేనే తీశాను. నీకు డిగ్రీ ఉంది. కింద రిసెప్షన్ ఆవిడకి లేదు. నువ్వు సెలవు పెట్టినప్పుడల్లా నీ పని చేసేది ఆవిడే కదా. ఏడేళ్ళ అనుభవం. ఆ వాక్యం ఉంటే నీకు గట్టి పోటీ ఆవిడొక్కతే."

ఆయన నాకు మేలు చేస్తున్నారు. తలుపు దగ్గరగా వేసే ఉంది. ఎవరికీ తెలియదు. ఒక్క నిమిషం, అబద్ధమెందుకు, ఒక్క నిమిషం ఊరుకుందామనిపించింది.

"పెట్టండి," అన్నాను.

"ఆలోచించుకో."

"ఆలోచించాను. గెలిస్తే ఆవిడతో పోటీపడే గెలుస్తాను. పెట్టండి."

ఆయన నిట్టూర్చి, డిగ్రీ పక్కన కామా పెట్టి, 'లేదా' అని టైపు చేశారు. వాక్యం పూర్తయ్యేదాకా వెనకాలే నిలబడ్డాను. తర్వాత కిందికి దిగి, రిసెప్షన్ అక్కయ్యకి ఆఖరి తేదీ ఎప్పుడో చెప్పి వచ్చాను.