బిగించని ముడి

ముత్యాలయ్య వల అంచును కాలి బొటనవేలికి తగిలించుకుని, వెదురు సూదితో చిరుగు కుడుతున్నాడు. పక్కన ఫోను కోసం ఏడ్చి ఏడ్చి మనవరాలు వినీల గొంతు బొంగురుపోయింది. మూడేళ్లు నిండినా ఇంకా ఒక్క మాట రాలేదు. ఫోను బియ్యం డబ్బా అడుగున ఉంది. కోడలు ఉష పొద్దున్నే దాచి, రొయ్యల షెడ్డుకు పోయింది.

నిన్న అంగన్‌వాడీ పెంచలమ్మ మొహం మీదే చెప్పేసింది.

"ముత్యాలన్నా, బిడ్డకు చెవులు బాగానే ఉండాయి. ఆ ఫోను వాగతాది గానీ బిడ్డను బదులడగదు. ఇప్పుడు పలక్కపోతే ముందుముందు కష్టం. నువ్వు మాట్లాడు."

"నాకేం మాటలొచ్చు మే?"

"గురవమ్మొదిన ఉండేటప్పుడు ఈ వాకిట్లో తిట్లు బాగానే వినపడేయే. అయ్యే మొదలుపెట్టు."

ఆ తిట్లు కూడా చనిపోయిన భార్య గురవమ్మవే. అతను వినేవాడు, అంతే. చిన్నప్పుడు నాయన పడవెక్కించి మొదట నేర్పింది నోరు మూసుకోవడం. వల దిగాక మాట్లాడితే చేప చెదురుతుంది. ఆ అలవాటు ఒడ్డుకూ వచ్చింది, ఇంట్లోకీ వచ్చింది. కొడుకు వేటకు, కోడలు పనికి పోతే బిడ్డను చూసేది అతనే. ఏడిస్తే ఫోను ఇచ్చేవాడు. బిడ్డ గమ్మునుండేది. ఇద్దరూ గమ్మునుండేవాళ్లు.

ఏం చెప్పాలో తోచక, చేసే పనే పైకి చెప్పాడు.

"దూర్చు. తిప్పు. బిగించు."

ముడి ముడికీ అదే మాట. చాలాసేపటికి వినీల ఏడుపు మాని అతని నోటి వైపు చూసింది.

"ఏందే, పళ్లు లెక్కపెడతా ఉండావా? ఉండేది రెండే."

మళ్లీ మొదలుపెట్టాడు. చివరి మాట దగ్గర ఆగి, బిడ్డ మొహంలోకి చూసేవాడు. ఆ పెదవులు కదిలేవి కావు. తనే అనేవాడు. మధ్యాహ్నానికి గొంతు ఆరిపోయింది. ఎడమచెయ్యి తిమ్మిరెక్కి, గుండెల మీద బండ పెట్టినట్టయింది. అలవాటు లేని మాటలు కదా, ఇట్టాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు.

ఎండ వాలింది.

"దూర్చు. తిప్పు."

ఆగాడు. అట్లాగే వెనక్కి, పందిరి గుంజకు ఒరిగాడు.

ఉష వచ్చేసరికి వినీల తాత గడ్డం పట్టుకుని ఉంది.

"బిగి," అంది. తాత పలకలేదు. గడ్డం ఊపి మళ్లీ అంది, "బిగి."

ఉష క్యారేజీ కింద పెట్టేసింది.

"మామా, విన్నావా? మాటొచ్చింది మామా." నవ్వుతూనే భుజం పట్టి కదిపింది. భుజం చల్లగా ఉంది.

వల అంచు ఇంకా బొటనవేలికే ఉంది. బిగించని ముడిలోంచి వెదురు సూది వేలాడుతూ, గాలికి మెల్లగా తిరుగుతోంది.